ఓటు అడగని మెంబరు గారు

హోత్‌చంద్ గారు పాకిస్తాన్ జాతీయ అసెంబ్లీలో ఐదేళ్లు సభ్యుడిగా ఉన్నారు. ఆ పదవికి ఆయనకు ఒక్క ఓటూ పడలేదు, పడే వీలే లేదు. మైనారిటీల సీట్లను అక్కడ పార్టీలే పేర్లిచ్చి నింపుతాయి. పేరు రావలసిన వ్యాపారికీ పార్టీ పెద్దకీ ఏదో మాటపట్టింపు వచ్చింది. దాంతో ఉమర్‌కోట్ హైస్కూల్లో లెక్కలు చెప్పుకుంటున్న ఈ సింధీ హిందువు ఒక్క పూటలో గౌరవ సభ్యుడైపోయారు.

సభలో ఆయన నోరు విప్పింది రెండేసార్లు. మొదటిసారి ప్రమాణస్వీకారానికి. రెండోసారి థార్ ఎడారి పల్లెల్లో తాగునీటి గురించి. "అధ్యక్షా, మా ఆడవాళ్లు తెల్లారకముందే..." అన్నంతలో మైకు ఆగిపోయింది. మర్నాటి పత్రిక మాత్రం నీటి సమస్యపై సుదీర్ఘ చర్చ జరిగిందని రాసింది.

తర్వాతి ఎన్నికలకు వ్యాపారీ పెద్దా రాజీపడ్డారు. హోత్‌చంద్ గారు మళ్లీ ఉత్త మాస్టారయ్యారు. ఫార్మా కంపెనీలో పనిచేసే కూతురు హేమ ఆయన్ని అమెరికాలోని ప్లెయిన్స్‌బరోకి రప్పించుకుని, ఇద్దరి పేర్ల మీదా ఒక టౌన్‌హౌస్ కొంది.

ఇరుగుపొరుగంతా తెలుగువాళ్లే. పక్కింటి విజయశ్రీది హైదరాబాదు. ఆమె దక్కనీ, ఆయన ఉర్దూ ఇట్టే కలిసిపోయాయి. ఇంటి ఓనర్ల అసోసియేషన్ బోర్డులో ఒక సీటు ఖాళీ అయిందని చెప్పింది ఆమే.

"మీరు నిలబడుండ్రి అంకుల్. పార్లమెంట్ ఎక్స్‌పీరియన్స్ ఉన్నోళ్లు మనకింకెక్కడ దొరుకుతరు?"

పోటీకి దివాకర్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు దిగాడు. రెండువందల పన్నెండు ఇళ్ల నుంచి ముప్ఫై ఎనిమిది ఓట్లే వచ్చాయి. కోరమ్ లేక ఎన్నిక చెల్లలేదు. బోర్డు ప్రెసిడెంట్ విశ్వనాథం ఫోన్ చేశాడు.

"సర్, మళ్లీ ఎలక్షనంటే పెద్ద తలనొప్పి. రూల్స్‌లో ఉంది, మిమ్మల్ని మేమే అపాయింట్ చేసేస్తాం. దివాకర్ కూడా ఓకే అన్నాడు."

హోత్‌చంద్ గారు ఒప్పుకోలేదు.

"వద్దు బాబూ. అలా ఒకసారి కూర్చున్నాను. మైకు ఆపేస్తే ఎందుకాపావని అడిగేవాడు వెనక ఒక్కడూ లేడు."

దాంతో మళ్లీ ఎన్నిక పెట్టారు. అలా డెబ్బై ఒకటో ఏట ఆయన ఓటు అడగడం నేర్చుకోవలసి వచ్చింది. మొదటి ఇంట్లో ఆయన్ని గుడి చందాల మనిషి అనుకుని, ఇచ్చేశామండీ అని తలుపు వేసేశారు. ఉదయ్ అనే కుర్రాడు మాత్రం లోపలికి పిలిచి, టీ ఇచ్చి, తన హెచ్-వన్‌బీ వీసా కష్టాలన్నీ నలభై నిమిషాలు చెప్పుకున్నాడు. చివర్లో, "సారీ అంకుల్, మేం రెంట్‌కి ఉంటున్నాం. మాకు ఓటు లేదు" అన్నాడు. అయినా హోత్‌చంద్ గారు అతని చేయి పట్టుకుని థాంక్స్ చెప్పి మరీ వచ్చారు. నెలన్నరలో నూట ఎనభై తలుపులు తట్టారు.

దివాకర్ ఇంట్లోంచి కదల్లేదు. వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టాడు: "ఫ్రెండ్స్, గెలిస్తే విజిటర్ పార్కింగ్ పెంచుతా."

దివాకర్‌కి డెబ్బై ఓట్లు, హోత్‌చంద్ గారికి అరవై ఒకటి వచ్చాయి.

ఓదార్చడానికి విజయశ్రీ వచ్చేసరికి ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చున్నారు.

"ఇట్లయితదనుకోలే అంకుల్. ఏమనుకోకుండ్రి."

"అరవై ఒక్కమందమ్మా," అన్నారాయన. "ఏ పార్టీ పెద్దా చెప్పకుండానే వేశారు."

వెటకారమేమోనని ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆయన తనకు ఓటేసి ఉంటారనుకున్నవాళ్ల పేర్లు గుర్తుచేసుకుంటూ రాస్తున్నారు. పధ్నాలుగు పేర్ల దగ్గర పెన్ను ఆగింది. మిగతా నలభై ఏడుగురూ ఎవరై ఉంటారో ఆయనకు ఎంత ఆలోచించినా తట్టలేదు.