పసుపు, సున్నం, గంజి... మా గుడ్ ఫ్రైడే రక్తం

మా చిన్నప్పుడు... ప్రతి గుడ్ ఫ్రైడే నాడు సామ్యేలు మామను సిలువేసేటోళ్ళం.

ఆయన మా అమ్మకు తమ్ముడు. బీదర్‌ల టైలర్. నలభై రోజులు గడ్డం పెంచి, దుకాణంలోని నిలువుటద్దం ముందు బాధపడుడు ప్రాక్టీసు చేసి, చర్చి కాంపౌండ్‌ల యేసు వేషం కట్టేటోడు. ఏడాదంతా ఆయన బతికేదే ఆ ఒక్క రోజు కోసం.

ఓ ఏడాది రక్తానికి ఎర్ర సిరా పోసిన్రు. చెమటకు అది కరిగి గులాబీ రంగుకు దిగింది. అందరూ ఏడ్వాల్సిన చోట... మూడు బెంచీల పిల్లలు పకపకా నవ్విన్రు.

అయ్యగారు, అంటే మా పాస్టరు, మామను పక్కకు పిలిచిండు. "సామ్యేలూ, వచ్చే ఏడు గూడ నవ్విన్రనుకో, నాటకం బంద్. కీర్తనలు పాడుకొని ఇండ్లకు పోదాం."

మామ ఆ పూట అన్నం ముట్టలే.

మళ్ళీ గుడ్ ఫ్రైడే దగ్గరికొచ్చేసరికి నాకు పదకొండేళ్ళు. ఆపత్కాలంలో ముందుకొచ్చే మహనీయులు కొందరుంటరు. నేను ముందుకొచ్చిన.

"మామా, రక్తం సంగతి నాకు ఇడిసిపెట్టు."

"నీకేం తెల్సే?"

"అంతా తెల్సు."

నిజంగనే తెల్సు. మా వెనకింటి సరోజమ్మత్త వాళ్ళకు గాంధీ గంజ్ బజార్ల పప్పుల దుకాణం. వాళ్ళింట్ల పసిబిడ్డకు దిష్టి తీస్తుంటే చూసిన. పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి, చిటికెడు సున్నం కలిపిందో లేదో... కండ్ల ముందే నీళ్ళు ఎర్రగైనయ్. మా ఇంట్ల దిష్టి తీసే అలవాటు లేదు. అందుకే నాకు అది సైన్సు లెక్క కనబడ్డది.

పరిశోధన వారం రోజులు సాగింది...

బెల్లం పాకంలో కలిపితే చిక్కదనం బ్రహ్మాండం. కానీ నా మోచేతికి పూసుకున్న గడియలోనే చీమలు ఊరేగింపుగ వచ్చినయ్. పాకం రద్దు. గంజిలో కలిపిన. జారకుండ, మెల్లగ, మర్యాదగ కారింది. గిన్నె అడుగు మసి ఇంత కలిపితే ఎండిన గాయం. పాత బ్రష్‌ను ముంచి వేలితో మీటితే చిల్లిన చుక్కలు. నుదుటికి లేత, మోకాళ్ళకు ముదురు. రక్తమంతా ఒక్కటే రంగుంటదనుకునేటోళ్ళు ఎన్నడూ కింద పడనోళ్ళు.

నుదుటికి పూసుకొని పరీక్షకు సరోజమ్మత్త ముందు నిలబడ్డ.

"అయ్యో బిడ్డా, ఎవడు కొట్టిండే!" అని చేటలో బియ్యం నేలపాలు చేసింది. సంగతి తెలిసినంక నా చెవి పట్టుకుంది. "నా దిష్టి నీళ్ళు ఎత్కపోయి మీ యేసయ్యకు పూస్తవా, దొంగదానా!" అని తిట్టుకుంటనే ఇంకో డబ్బెడు సున్నం ఇచ్చింది.

గుడ్ ఫ్రైడే రానే వచ్చింది. మన్నాఏఖేళ్ళి నుంచి గూడ జీపుల్ల జనం దిగిన్రు. మామ సిలువ మీద... నుదుటి నుంచి ఛాతీ దాకా నా పనితనం. పోయినేడు నవ్విన పిల్లలు నోళ్ళు తెరుచుకొని చూసిన్రు. అయ్యగారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. ఇగ నాకు ఎదురే లేదనుకున్న.

రోమా సిపాయి వేషం కట్టేది ఆశీర్వాదం అన్న. గంజ్‌ల హమాలీ. సిలువ మీదున్న ప్రభువు నోటికి స్పంజితో చిరక, అంటే పులిసిన ద్రాక్షరసం, అందించే ఘట్టం ఆయనదే. ఎప్పుడూ ఉత్త నీళ్ళే ముంచేటోడు. ఆ రోజు పోతూ పోతూ నా చెవిల చెప్పిండు. "నీ రక్తం అసలు లెక్కుంటే నా చిరక ఉత్త నీళ్ళుంటదా? పది నిమ్మకాయలు పిండిన."

"శభాష్ అన్నా," అన్న... నా తెలివి మండ.

స్పంజి మామ మూతికి ఆనింది. రసం గడ్డం మీదికెళ్ళి మెడకు, మెడ మీదికెళ్ళి ఛాతీకి కారింది. కారిన దారంతా రక్తం... పసుప్పచ్చ! ప్రభువు ఛాతీ మీద నిలువునా పప్పుచారు ఒలికినట్టు.

ముందు బెంచీల ఎవడో కిసుక్కుమన్నడు. అయ్యగారి తల అటు తిరిగింది. మామ కండ్లు మాత్రం నా దిక్కే చూస్తున్నయ్.

ఎరుపు తెచ్చింది సున్నం. పోయిన ఎరుపును మళ్ళ తెచ్చేది గూడ సున్నమే అయ్యుండాలె. అంతకు మించి ఆలోచించే టైం లేకుండె. పక్కనున్న సున్నం డబ్బాలో వేళ్ళు ముంచి, చున్నీ నెత్తిన కప్పుకొని, నాటకంల ఏడ్చే ఆడోళ్ళ గుంపులోకి ఉరికిన. సిలువ కాడి రాయెక్కి "అయ్యో ప్రభువా!" అని రాగం తీసి మామ ఛాతీ తుడిచిన.

నా చెయ్యి పోయిన చోటల్లా... ఎర్రగ పుట్టుకొచ్చింది.

మామ పండ్ల సందుల నుంచి గొణిగిండు. "మండుతాందే... ఏం పూసినవే, దయ్యమా!"

"సున్నం. తల వాల్చు మామా, జల్ది!"

వాల్చిండు. ఆ ముఖంలో కనబడ్డ బాధ ఏ అద్దంలోనూ ప్రాక్టీసు చేసింది కాదు. మన్నాఏఖేళ్ళి ముసలవ్వ ఒకామె లేచి నిలబడి, "పిల్ల ముట్టంగనే రక్తం కారుతాంది చూడుండ్రే!" అని శోకం పెట్టింది. ఆమె వెనక మూడు బెంచీలు ఏడ్చినయ్. కిసుక్కుమన్నోడు గూడ.

మామ ఛాతీకి ఈస్టరు దాకా కొబ్బరి నూనె పూసినం. ఈస్టరు పొద్దున అయ్యగారు ఆయన భుజం మీద చెయ్యేసి అడిగింది ఒక్కటే. "వచ్చే ఏడు గడ్డం జర ముందుగాల మొదలుపెడ్తవా?"

మొన్న గుడ్ ఫ్రైడేకు పోయిన. ఇప్పటి పిల్లలు రక్తం సీసాల్ల తెప్పించిన్రు. లేత ఒకటి, ముదురు ఒకటి. మంట లేదు, చీమలు రావు, నిమ్మరసానికి రంగు మారదు... నేనే పిండి చూసిన. ఒప్పుకుంటున్న, నా దానికంటె బాగుంది.

పూయుడు అయిపోంగనే పిల్లలు సీసాలు సంచిలో పెట్టుకొని, వెనక బెంచీల కూసొని ఫోన్లు చూసుకున్నరు. చూసుకోక ఏం చేస్తరు మరి... ఆ రక్తం ఏమైతదో అని గుండె చిక్కబట్టుకొని సిలువ పక్కన నిలబడే పని ఇప్పుడు ఎవరికీ లేదు.

మీ ఊరి నాటకాల్ల రక్తం దేనితో చేసేటోళ్ళు? దాని పక్కన ఎవరు నిలబడేటోళ్ళు?... చెప్పుండ్రి, వింట.