పిన్ని టబ్బు, నా క్యాష్ మెమరీ

కంప్యూటర్ ఆర్గనైజేషన్ అనే సబ్జెక్టులో రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే డిగ్రీ చేతికి రాదు, నెల్లూరు కాలేజీలో ఇస్తామన్న ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగమూ పోతుంది. ప్రాసెసర్ పక్కన క్యాష్ అనే చిన్న మెమరీ, దాని వెనక పెద్ద ర్యామ్, ఆ వెనక ఇంకా పెద్ద డిస్కు. ఇన్ని ఎందుకో, అన్నీ కలిపి ఒకటే చేసేస్తే ఏం పోయిందో నా మట్టిబుర్రకి ఎక్కేది కాదు. ఒట్టు, ఆ పుస్తకాన్ని ఎన్నిసార్లు గోడకేసి కొట్టానో!

వైవాకి, అదే నోటి పరీక్షకి, వారం ముందు, అల్లూరు దగ్గర మా పిన్ని పనిచేసే రొయ్యల షెడ్డుకి సాయం వెళ్లాను. ఆడవాళ్లు బల్ల ముందు నిలబడి రొయ్యల తలలు తీస్తారు. చేతి పక్కన చిన్న టబ్బు, కొంచెం వెనక ఐసు పెట్టె, ఆ చివర చల్లగది. పిన్ని టబ్బు ఖాళీ అయినప్పుడల్లా పెట్టెలోంచి గంపెడు తెచ్చి పొయ్యడం నా పని. అరగంటకే నడుం పట్టేసింది. మహా తెలివైనదాన్ని కదా, టబ్బు తీసేసి, ఎత్తైన నీళ్ల డ్రమ్ము నిండా రొయ్యలు పోసి పిన్ని పక్కన పెట్టాను.

డ్రమ్ము సగం ఖాళీ అయ్యేసరికి షెడ్డంతా ఒకటే నవ్వులు. చూస్తే, పిన్ని తలకిందులుగా నడుము దాకా డ్రమ్ములో ఉంది. బయటికి కాళ్లే కనబడుతున్నాయి.

"ఏందమ్మే ఈ పని! ఒక్కో రొయ్యకి నన్ను బావిలో దూకమంటావా?" తల పైకెత్తి అరిచింది. "గబగబా చేతికందాలంటే టబ్బు చిన్నదిగానే ఉండాల. మిగతాది ఎనకనే ఉండనీ!"

నేను గంప కింద పడేసి, "పిన్నీ, అర్థమైపోయింది!" అని గంతులేశాను.

"దీనికేమన్నా గాలి సోకిందా?" అంది పిన్ని పక్కావిడతో.

వైవాలో ఎగ్జామినర్ గారు సరిగ్గా అదే అడిగారు. "క్యాష్ అంత వేగమైనది కదమ్మా, ర్యామ్ అంత పెద్దదిగా ఎందుకు చెయ్యరు?"

బట్టీ పట్టినదంతా ఎగిరిపోయింది. అంతలో పిన్ని కాళ్లు కళ్లముందు కదిలాయి.

"అడుగు దాకా వంగాల్సొస్తుంది సార్!" అనేశాను. ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. ఇక దాచేదేముంది, డ్రమ్ము కథంతా చెప్పాను. పెద్దదైతే వెతికి తీసేసరికి ఆలస్యమని, చిన్నదాన్ని దగ్గర పెట్టుకుని, వెనకనుంచి ఒక్కొక్కటి కాకుండా గంపెడేసి నింపుకోవాలని చెప్పాను. ఆయన పకపకా నవ్వి మార్కులు వేశారు.

ఫలితాలు రాగానే ఆటో ఎక్కి షెడ్డుకి వెళ్లిపోయాను. పిన్నికి అంతా చెప్పాను. తడి చేతులతోనే నా బుగ్గలు పట్టుకుని ఊపేసింది.

"ఓసినీ! డ్రమ్ములోకి వంగింది నేను, పాసైంది నువ్వా!"