రెండో డిస్కు మీద నాకున్న అనుమానం

మా మామగారు పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన్ని రెండోసారి పోగొట్టిన ఘనత మాత్రం నాది. అది కూడా, ఆయన్ని కళ్లారా చూసుకుందామని మా అత్త ఎమ్మిగనూరులో బస్సెక్కిన రోజున! కంగారు పడకండి, పోలీసులదాకా పోలేదు. పోయుంటే ఇంత సిగ్గుపడాల్సిన పని ఉండేది కాదు.

ముందు నా జబ్బు గురించి చెప్పాలి. ఆదోని మార్కెట్ యార్డులో ఒక జిన్నింగ్ మిల్లు తరఫున పత్తి కొనే ఉద్యోగం నాది. కుప్ప పైన ఎంత తెల్లగా మెరుస్తున్నా, మోచేతిదాకా చెయ్యి దూర్చి మధ్యలోంచి పిడికెడు లాగి, తడి ఉందో లేదో చూడందే నోరు విప్పను. ఆ చెయ్యి యార్డులో ఆగితే బాగుండేది. హోటల్లో బొరుగుల ఉగ్గాని పెట్టినా అడుగునుంచి తిరగేసి చూస్తాను. పెళ్లిచూపుల్లో "ఈ పిల్ల జడ సొంతమేనా?" అని అడిగానని మా ఆవిడ లక్ష్మి ఇప్పటికీ ఊరంతా చెబుతుంది. అడిగిన మాట నిజమే, మీ దగ్గర దాచడమెందుకు?

నాలుగేళ్ల కిందట మా అత్త ఒక కోరిక కోరింది. మామ మగ్గం నేసే మనిషి, కెమెరా కనిపిస్తే లేచిపోయేవాడు. ఆయన కదులుతూ మాట్లాడుతూ దొరికింది మా పెళ్లి వీడియోలో ఒక్కచోటే. క్యాసెట్టు బూజు పట్టి పాడైపోయింది గానీ, అంతకు ముందే వీడియోను మిల్లు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి పెట్టుకున్నాను.

"మీ ఇంట్లో పెద్ద టీవీ ఉండాది గదా అల్లుడా. ఒక్కసారి ఆయప్పను సూపియ్యి. గొంతు మర్సిపోతాండా," అంది అత్త.

ఆ మాటకు నా గుండె కరిగింది. వీడియోలన్నీ ఒకచోట దాచుకుని, వైఫైలో ఇంట్లో ఏ టీవీకైనా పంపే పెట్టె ఒకటి కొందామన్నాను.

"నెట్‌లో పెట్టుకోవచ్చంట గదప్పా?" అంది లక్ష్మి.

"యాడనో కూసోని ఎవడో మన పెళ్లి సూస్తాంటే?"

"మన పెళ్లి మనకే సూడబుద్ధి కాదు. వానికేం పట్టింది?"

ఇద్దరం ల్యాప్‌టాప్ పట్టుకుని ఆదోనిలో రఫీ దుకాణానికి వెళ్లాం. అతను రెండు డిస్కులున్న పెట్టె చూపించాడు.

"దీంట్లో ఉండేదే దాంట్లో కూడా ఉంటాదన్నా. ఒకటి పోయినా ఇంకోటి కాపాడతాది."

"పోతాదని నువ్వే సెప్తాండావే! పోయే సరుకు అమ్ముతాండావా?"

"యే డిస్కైనా ఏదో ఒకరోజు పోతాదన్నా."

"రెండూ ఒకే రోజు పోతే?"

రఫీ నన్ను వదిలేసి ఫ్యాన్ వైపు చూశాడు. నేను కొనకుండా లేచి, ఆ వారమే ఎమ్మిగనూరులో ఇంకో దుకాణంలో విచారించాను. అక్కడి మనిషి కూడా రెండు డిస్కులదే మంచిదన్నాడు, మాట పొల్లుపోకుండా.

"ఇద్దరూ ఒకే మాట సెప్పినారంటే నిజమేమో గదా?" అంది లక్ష్మి.

"ముందే ఫోన్లో మాట్లాడుకున్నారు. నీకు తెలీదు," అన్నాను.

చివరికి లక్ష్మితో మళ్లీ వెళ్లి రఫీ దగ్గరే కొన్నాను, గొడవపడాల్సొస్తే నడిచి వెళ్లొచ్చని. అతను వీడియో పెట్టెలోకి ఎక్కించాడు. మిల్లులో ఎవరైనా చూస్తారని ల్యాప్‌టాప్‌లోది నేనే తుడిచేశాను. వచ్చేస్తుంటే రఫీ ఒక్క మాటన్నాడు: "ఆరెంజి లైటు మిణుకుమంటాంటే మాత్రం దేన్నీ ముట్టుకోవద్దన్నా."

ముట్టుకోవద్దట! యార్డులో ఎవరైనా ఆ మాటంటే నేను రెండు చేతులూ పెడతాను.

అత్త వస్తానన్న ఆదివారం వచ్చింది. అత్త బస్సు దిగడానికి ఇంకా గంట ఉంది. టీవీలో మా పెళ్లి పెట్టి, నడుస్తుండగానే మొదటి డిస్కు లాగేశాను. వీడియో ఆగలేదు.

"లక్ష్మీ! సూసినావా? తీసేసినా ఆడుతాంది. ఈ డిస్కు ఉత్త డబ్బా!"

"రఫీ సెప్పింది అదే గదప్పా?"

"వాడు సెప్పినాడు కాబట్టే నమ్మగూడదు."

దాన్ని మళ్లీ తోశాను. ఆరెంజి లైటు మిణుకుమంది. ఇక రెండోదాని సంగతి చూద్దామని దాన్నీ లాగాను. మామ కెమెరా వైపు తిరిగి ఏదో అనబోతున్నాడు. టీవీ నల్లబడింది.

వెనక్కి తోశాను. పెట్టె కుయ్యోమంది. తీశాను, తోశాను, ఊదాను, దండం కూడా పెట్టాను. ఆఖరికి రఫీకి ఫోన్ చేశాను.

"మొదటిది రెండోదాన్ని సూసి మళ్లా రాసుకుంటాంటాదన్నా, లైటు అందుకే. రాసుకునేటప్పుడు లాగేస్తివా?"

"ఊరికే... సూసినా."

"తీసుకోని రా. మాట మాత్రం ఇయ్యలేను."

అత్త అడిగిందల్లా ఆ గొంతు ఒక్కటే. దాన్ని నా చేత్తో తుడిచేశాను.

అత్త కొత్త చీర కట్టుకుని వచ్చింది. "యాడ కూసోవల్ల?" అంటూ టీవీ ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"కరెంటు పోయింది అత్తా," అన్నాను.

ఆమె తలెత్తి గిరగిరా తిరుగుతున్న ఫ్యాన్‌ను చూసింది. తల దించి నన్ను చూసింది. లక్ష్మి లోపలికి వెళ్లి, బీరువాలోంచి ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి టీవీకి తగిలించింది.

మామ ప్రత్యక్షమయ్యాడు. కెమెరా వైపు తిరిగి, "ఓయ్, ఈడేముందని తీస్తాండావు? పోయి అన్నం తినుపో!" అని కసిరాడు.

"అదే గొంతు," అంది అత్త. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను, నా కారణాలు నాకున్నాయి.

లక్ష్మిని వంటింట్లోకి పిలిచాను. "ఇది యాడిది?"

"కొన్న రోజే రఫీతో ఎక్కిచ్చుకున్నా. నువ్వు డబ్బాను తిప్పి తిప్పి సూస్తాంటివి గదా, అప్పుడు."

నా ఛాతీ పొంగింది. "అంటే రఫీ మీద నీకూ అనుమానం వచ్చిందన్నమాట!"

"రఫీ మీద ఎందుకొస్తాదప్పా? నీ మీద వచ్చింది."

ఆ రోజే పొయ్యి సాక్షిగా ప్రమాణం చేశాను: లైటు మిణుకుమనే ఏ పెట్టెలోనూ ఈ జన్మలో చెయ్యి పెట్టనని. లక్ష్మి శ్రద్ధగా విని, సరేనని తలూపి, పెన్‌డ్రైవ్‌ను బీరువాలో పెట్టి తాళంచెవి నడుముకు దోపుకుంది.