చెవులు వినపడని బాపుకు వినపడ్డ పిలుపు

దయ్యాలంటే నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. మా వాడల ఎవరన్న గసొంటి ముచ్చట తీస్తే లేచి పోయేదాన్ని. కానీ గీ ఒక్కటి నా కండ్ల ముందట జరిగింది. చెప్పకుంట ఉండలేను.

పందొమ్మిది వందల అరవై దాటిన కొత్తల ముచ్చట. నారాయణపేటల మాది నేత ఇల్లు. ముందు అర్రల బాపు గుంట మగ్గం మీద చీరలు నేసెటోడు. పక్కన కూసొని నేను నూలు కండెలు చుట్టేదాన్ని.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఆ ఏడే బాపుకు పెద్ద జరమొచ్చి రెండు చెవులూ పోయినయి. పక్కన పటాకి పేలినా తిరిగి చూసెటోడు కాదు. ఏమన్న చెప్పాల్నంటే భుజం తట్టి, చేతులతోటి చెప్పేది.

ఆ వానకాలం మా అక్క కాన్పుకొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ముసురు పట్టి ఇల్లంత చల్లగైంది. బాలింతకు గాలి సోకొద్దని మా మేనత్త వెనక అర్రల మంచమేసి, కిటికీ సందులల్ల పాత గుడ్డలు కుక్కింది. కుంపట్ల బొగ్గులు రాజేసి మంచం కింద పెట్టేది. "తల్లీబిడ్డలు ఎచ్చగుండాలె" అనుకుంట మాటిమాటికి వచ్చి చూసేది. గంత పాయిరం ఆమెకు.

ఒకరోజు పగటాల అన్నాలు తిన్నంక, అత్త కొత్త బొగ్గులు పెట్టి, తలుపు దగ్గరికేసి, వాము తేనీకె పక్కింటికి పోయింది. ఇంట్ల మగ్గం చప్పుడు, బయట వాన చప్పుడు. అంతే.

ఉన్నట్టుండి బాపు చెయ్యి ఆగింది. తల ఎత్తి వెనక అర్ర దిక్కు చూసిండు.

"మీ అమ్మ పిలుస్తాంది" అన్నడు.

చెవులు మంచిగున్న నాకే ఏం వినపడలే. పాప ఏడుపు గూడ లేదు. లేదు లేదని చెయ్యి ఊపిన. ఆయన నన్ను చూడనే లేదు. "ఆఁ, వస్తున్న" అని గట్టిగ జవాబిచ్చి, గుంటలకెల్లి లేచి ఉరికిండు.

నేనూ వెనకనే ఉరికిన. అర్రల పొగ లేదు, వాసన లేదు. అక్క నోరు తెరిచి పడి ఉంది. ఎంత లేపినా లేస్తలేదు. పాప మెడ వాలేసింది. బాపు అక్కను ఎత్తుకున్నడు, నేను పాపను ఎత్తుకున్న. వాన పడుతున్న వాకిట్లకు తెచ్చినం. చినుకులు పడంగనే పాప కెవ్వుమన్నది. జర సేపటికి అక్క కక్కుకొని కండ్లు తెరిచింది.

"తల పగులుతాంది బాపూ" అన్నది.

బండి కట్టుకొని దవాఖానకు పోయినం. "మూసిన అర్రల బొగ్గులు కాలితే గాలి విషమైతది. కండ్లకు కనపడది, వాసన రాదు. నిద్రలనే పాణం తీస్తది" అని డాక్టరు చెప్పిండు. పాప ఏడుపు విని మీ బాపు లేచి ఉంటడన్నడు. ఆయనకు చెవులు లేవని చెప్పిన. డాక్టరు బాపు వెనక నిలబడి గట్టిగ చప్పట్లు కొట్టిండు. బాపు కదలలే.

ఇంటికొచ్చినంక అత్త ఏడ్చుకుంట కిటికీల గుడ్డలన్ని పీకేసింది. బాపు ఆమె చెయ్యి పట్టుకొని, "ఊకో చెల్లే, పాయిరంతోటే జేస్తివి గద" అన్నడు.

నేను చాన ఆలోచించిన. అక్క కొట్టుకుంటే మంచం అదురు నేలల నుంచి బాపు కాళ్లకు తెలిసిందేమో అనుకున్న. మరి "వస్తున్న" అని ఎవరికి జవాబిచ్చినట్టు?

పాప నడక నేర్చినంక ఒకపారి బాపును చేతులతోటి అడిగిన, అమ్మ ఏమన్నదని.

"ఏమంటది? 'ఇగో, జర ఇట్ల రా' అన్నది. అన్నానికి పిలిచినట్టే."

మల్ల ఎప్పుడన్న పిలిచిందా అని అడిగిన. తల అడ్డంగ ఊపిండు.

"ఇన్నేండ్లల్ల నా కోసం ఒక్కనాడు పిలువలే. బిడ్డ కోసం పిలిచింది సూడు" అన్నడు. అలిగి కాదు, మురిసిపోయి అన్నడు.

ఆయన ఏం విన్నడో నాకు ఇప్పటికీ తెల్వది.