పత్తిలో దాచిన నిచ్చెన

ఇళ్లకు రంగులు వేసేవాడు నిచ్చెన మీది నుంచి పడ్డాడంటే జనం అయ్యో పాపం అంటారు. నేను నిచ్చెన ఎక్కకుండానే, నేల మీద రెండు కాళ్లతో నిలబడే, నిండా మునిగాను. ఆ సంగతి ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఆవిడ పెళ్లయిన నాటి నుంచీ నవ్వుతూనే ఉంది.

మా ఊరు నిర్మల్ నుంచి భైంసా పోయే రోడ్డు మీద ఉంటుంది. మేస్త్రీ కింద ఎనిమిదేళ్లు గోడలు గీకి గీకి, చివరికి నాకు నేనుగా ఒక పని పట్టాను. భైంసాలో పత్తి మిల్లు సేటుగారి రెండంతస్తుల ఇల్లు! సేటు నన్ను కిందికీ పైకీ చూసి ఒక్కటే మాట అన్నాడు.

"పోయినసారి వచ్చినోడు రంగుల నీళ్లు కలిపి నన్ను ముంచిండు. నాకు పనితనం తర్వాత, నియ్యత్ ముందు. సోమవారం పది గంటలకు మిల్లుకు రా, తాళంచెవులిస్త. మనిషి మంచోడు కాదనిపిస్తే మాత్రం గేటుకాన్నించే వాపస్."

"నా నియ్యత్‌కు ఫికర్ లేదు సేటూ" అన్నాను. ఈ మాట మీరు కాస్త గుర్తుంచుకోండి, నేను మరచిపోవాలని చూస్తున్నాను.

ఆ సంతోషంలో ఆదివారం నాడు నా పన్నెండడుగుల వెదురు నిచ్చెనకు నిలువునా నీలం రంగుతో "పెయింటర్ గంగాధర్, పని గ్యారంటీ" అని రాసుకున్నాను. చలికాలం కదా, రంగు ఓ పట్టాన ఆరలేదు. అసలు చిక్కు అది కూడా కాదు. బ్రష్షులు, రోలర్లు సంచిలో పడతాయి, నిచ్చెన పడదు. బస్సు కండక్టర్ నిచ్చెనను చూడగానే రైట్ రైట్ అన్నాడు. ట్రాలీ ఆటో అతను చెప్పిన కిరాయి నా రెండు రోజుల కూలీ.

"నిచ్చెనను తీసుకపొమ్మంటున్ననే, దానికి పెండ్లి చెయ్యమంటలేను" అన్నాను.

"అయితే భుజమ్మీద పెట్టుకొని నడువు" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చాడు మా పక్కింటి పోశెట్టి కాక. సోమవారం పొద్దున్నే ఆయన పత్తి ట్రాక్టర్ కూడా అదే సేటు మిల్లుకు పోతోంది. కాక ఎంత మంచివాడంటే, అడిగితే కాదనడు. ఆ రోజు మాత్రం సగమే ఒప్పుకున్నాడు.

"నువ్వు కూసో బిడ్డా, నీకెవరు వద్దన్నరు? నిచ్చెన మాత్రం వద్దు. దానికంటిన రంగు పత్తికంటితే సేటు నా మొఖానే కొడ్తడు."

"అరె, నిచ్చెన సంగతి నేను వేరే చూసుకున్న కాకా" అన్నాను. నిజంగానే చూసుకున్నాను.

తెల్లవారగానే పత్తి నింపడానికి సాయం పోయాను. పత్తి తేలికైన సరుకు, ట్రాలీలో ఎవరో ఒకరు ఎక్కి తొక్కితే గానీ ఎక్కువ పట్టదు. ఆ పని నేను మీదేసుకున్నాను. సగం నిండాక కాక చాయ్ తాగడానికి లోపలికి పోయాడు. పెరటి గోడవతల సిద్ధంగా ఉంచిన నిచ్చెనకు మా అవ్వ పాత చీర చుట్టి పైకి లాగాను. మూలకు మూల సరిగ్గా సరిపోయింది. దాని మీద పత్తి వేసుకున్నాను, తొక్కాను, మళ్లీ వేసుకున్నాను, మళ్లీ తొక్కాను. కాక బయటికొచ్చి మురిసిపోయాడు.

"చూడుండ్రి పోరన్ని! కూలి లేదు, అడిగింది లేదు, ఎంత గనం తొక్కుతుండు!"

దారి పొడవునా పత్తి మీద వెల్లకిలా పడుకుని, మిగిలిన కిరాయితో ఏమేం కొనాలో ఆలోచించుకుంటూ పోయాను. మిల్లు గేటు ముందు బండ్ల వరుసలో ఆగినప్పుడు కాక కళ్లుగప్పి నిచ్చెన లాగేద్దామని నా పథకం. లాగాను. కదల్లేదు. కాళ్లు తన్నిపెట్టి లాగాను. అవ్వ చీర ఊడి చేతికొచ్చింది గానీ నిచ్చెన రాలేదు. అంత శ్రద్ధగా తొక్కిన మహానుభావుడు ఎవరో మీకు తెలుసు.

ఈలోగా ట్రాక్టర్ కాంటా ఎక్కింది. గుమాస్తా కిటికీలోంచి అరిచాడు.

"మీదున్నోడా, దిగు! మనుషులను పత్తి కింద లెక్కగట్టం!"

దిగాను. నిచ్చెన దిగలేదు. మిల్లులో పద్ధతి ఏమిటంటే, నిండు బండిని ఒకసారి, ఖాళీ బండిని ఒకసారి తూచి, తేడా ఎంతుంటే అంత పత్తి అంటారు. అంటే నా నిచ్చెన ఆ క్షణం నుంచి పత్తి.

హమాలీలు పత్తి దింపసాగారు. నేను ట్రాలీ చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. అంతలో ఒక హమాలీ "ఏందిది?" అంటూ దాన్ని బయటికి ఈడ్చాడు. ఆరని రంగుకు పత్తి అంటుకుని నిచ్చెన బొచ్చు మేకలా ఉంది. ఒక ఒడినిండా పత్తికి నీలి మరకలు. గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు.

"పత్తిల రాళ్లు వెట్టినోళ్లను చూసిన, నీళ్లు చల్లినోళ్లను చూసిన. నిచ్చెన వెట్టినోన్ని నిన్నే చూస్తున్న కాకా!"

"నాకు తెల్వది సారూ! నా పిల్లల మీద ఒట్టు!" అన్నాడు కాక.

"తెల్వకుండ నిచ్చెన మొలుస్తదా? లోడంత వాపస్. ఇగ మా గేటు తొక్కకు."

కాక తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన అలా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. నాకు నిజంగా సిగ్గేసింది. నాదేనని చెబితే నా మొదటి పని గేటు దగ్గరే వాపస్. చెప్పకపోతే కాక ఏడాది కష్టం వాపస్. నేను గుండె రాయి చేసుకుని వెంటనే ముందుకొచ్చి నిజం ఒప్పుకున్నానని మా ఊళ్లో అందరికీ చెప్పాను. మీ దగ్గర దాపరికం ఎందుకు? గుమాస్తా నిచ్చెన మీది పత్తి పీకుతూ అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టాడు.

"పెయింటర్... గం... గా..."

"నాదే సారూ!" అన్నాను. "ధ" దాకా ఆగలేదు, అంతవరకు నా ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

"కాయ్ ఝాలె రే?" అని మరాఠీలో అడుగుతూ అప్పుడే సేటు ఆఫీసులోంచి వచ్చాడు. ఏమైందో గుమాస్తా చెప్పాడు. సేటు నన్ను చూశాడు, నిచ్చెనను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"నియ్యత్‌కు ఫికర్ లేదన్నది నువ్వే కదా?"

"నేనే సేటూ. కాకకు ఏం తెల్వది. వద్దన్నా నేనే దొంగతనంగ వెట్టిన. నాకు పని ఇయ్యకున్నా మంచిదే, కాక పత్తి తీసుకోండ్రి."

కాక నా వైపు తిరిగాడు. తంతాడేమో అనుకున్నాను.

"అందుకేనారా గంత గనం తొక్కినవ్?" అన్నాడు. హమాలీలు గొల్లుమన్నారు. సేటు మీసాల కింద కూడా నవ్వు కదిలింది. నిచ్చెనను తూకం వేయించాడు. ఇరవై కిలోలు.

"కాకా, నీ తూకం చిట్టీ మారదు. మరకలైన పత్తి పారేస్తం, దాని బదులు నిచ్చెన తూకానికి గూడ పత్తి రేటే కట్టిస్త" అని, నా వైపు తిరిగాడు. "పైసలు నేను కట్టిన గనుక నిచ్చెన ఇగ నాది. నీకు పనిస్త. నా నిచ్చెనతోనే చెయ్యి, జర భద్రంగ వాడు."

తాళంచెవులు చేతికొచ్చాయి. మిల్లు నుంచి సేటు ఇంటికి కిలోమీటరు. సేటే ట్రాలీ ఆటోను పిలిపించి, "కిరాయి నువ్వే ఇయ్యాలె" అన్నాడు. ఇచ్చాను.

ఇరవై రోజులు పని చేశాను. ఒక్క చుక్క నీళ్లు కలపలేదు. సేటు గోడలు తడిమి చూసి, "మంచిగ చేసినవ్" అన్నాడు. అదే అదననుకుని నిచ్చెన అడిగాను.

"తీసుకపో. పత్తి రేటుకే ఇస్త, ఒక్క రూపాయి లాభం వద్దు నాకు."

ఎంత మంచి మనిషి అనుకుంటూ డబ్బు కట్టడానికి మిల్లుకు పరుగెత్తాను. గేటు దగ్గర రెండో లోడుతో వచ్చిన పోశెట్టి కాక పండగ మొహంతో ఎదురయ్యాడు.

"అరేయ్ గంగాధర్, ఈ ఇరవై రోజుల్ల రేటు ఎంత వెరిగిందో చూసినవా!"

నా నిచ్చెనను నేనే, అమ్మిన దాని కంటే ఎక్కువ ధరకు కొనుక్కున్నాను. అమ్మిన డబ్బు కూడా నాకు రాలేదన్న సంగతి ఇంకోసారి చెప్పించకండి.

కనుక చేతిలో బ్రష్షు పట్టుకుని, తూర్పు ముఖంగా నిలబడి, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ నిచ్చెనను పత్తిలో దాచను. మరీ తప్పకపోతే టమాట బండి చూసుకుంటాను. దాని రేటు పడటం నేను చాలాసార్లు చూశాను.