ఒళ్లో పెట్టుకున్న పెట్టె

పోయినవి ఇవి: గోడల్లో వేసిన రెండు పెట్టెల నెట్‌వర్క్ కేబుల్, దాని కూలి, ఫిల్మ్‌నగర్ ఎడిటింగ్ స్టూడియోవాళ్లకు నా మీదున్న నమ్మకంలో సగం. అక్కడ నేను వేసిన లైన్ మాటిమాటికీ తెగిపోతోంది. ఇంకోసారి తెగితే పని వేరేవాళ్లకిస్తామన్నారు.

మూడో పెట్టెతో ఎర్రగడ్డలో బస్సెక్కి నిలబడ్డాను. సీట్లో ఉన్న ఒకామె, "ఇటియ్యన్నా, పట్టుకుంట" అని ఒళ్లో పెట్టుకుంది.

"ఏందిది?"

"రాగి తీగమ్మా."

"రాగా! మా ఆయన మోటార్లకు తీగ చుడ్తడు. గింత పెట్టె రాగైతే బరువుకు నా కాళ్లు పడిపోతుండె," అని నవ్వింది.

జూబ్లీ హిల్స్‌లో పెట్టె తిరిగిచ్చి, "నిజంగ రాగేనా అన్నా?" అంటూ దిగింది. నేను నోరు తెరిచేలోగా బస్సు కదిలింది.

స్టూడియోలో ఆ పెట్టెలోని తీగను బ్లేడుతో గీకాను. పైన రాగి పూత, లోపల తెల్లటి అల్యూమినియం. గోడల్లోదీ అదే రకం; అంతా తీసి అసలు రాగి వేశాను. మళ్లీ లైన్ తెగలేదు.

ఆమెకు జవాబు ఒకటి, ఇప్పటికీ బాకీ.