వెలగలంక ఉల్క

తెనాలి చుట్టుపక్కల నేలలో రాయి అనేది దొరకదు. బావి తవ్వినా, పునాది తీసినా నల్లమట్టి, దాని కింద ఇసుక, అంతే. అంతా కృష్ణ ఎప్పుడో మోసుకొచ్చి పరిచిన నేల. "కాబట్టి మన పొలంలో రాయి కనపడిందంటే అది లారీ ఎక్కయినా రావాలి, ఆకాశంలోంచయినా పడాలి" అనేవారు పురుషోత్తం మాస్టారు. ఆ ఒక్క మాట పట్టుకుని ముప్పై ఏళ్ళు తిరిగిన మనిషాయన.

పురోహితుడి కొడుకు. హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. ఆదివారం వస్తే ఇంట్లో కాలు నిలిచేది కాదు. దారం కట్టిన అయస్కాంతం, ఓ నోటుబుక్కు సంచీలో పడేసుకుని రేపల్లె ప్యాసింజరో బాపట్ల బస్సో ఎక్కేసేవారు. ఆ రోజులే వేరు. ముక్కూమొహం తెలియని మాస్టారొకడు గుమ్మంలో నిలబడి "మీ ఇంట్లో వింత రాయేదో ఉందటండీ" అంటే, మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, పెరట్లోంచి రాయి తెచ్చి చేతిలో పెట్టేవారు. కొందరు భోజనం చేసి వెళ్ళమనేవారు కూడా. ఆయన భార్య వేదవతి మాత్రం "ఈ తిరుగుడేదో గుళ్ళ చుట్టూ తిరిగుంటే పుణ్యమైనా వచ్చేది" అని దెప్పుతూనే టిఫిన్ డబ్బా కట్టిచ్చేది.

ఉల్కల్లో మూడు రకాలని ఆయన పాఠం. ఒట్టి ఇనుపవి, రాయీ ఇనుమూ కలిసినవి, రాతివి. రాతివాటిలో ఎక్కువ భాగం కాండ్రైట్లు. విరిచి చూస్తే ఆవగింజల్లాంటి గుండ్రటి పలుకులు కనిపిస్తాయి, మధ్యమధ్య ఇనుము మెరుస్తుంది. ఆ పలుకులు భూమి కంటే పాతవి. ఏ రకమో శాస్త్రవేత్తలు తేల్చాలంటే మాత్రం చిన్న ముక్కయినా ప్రయోగశాలకి పంపాలి. తేలిందంటే, పడిన ఊరి పేరో దగ్గర్లోని పోస్టాఫీసు పేరో దానికి పెట్టి ప్రపంచంలోని ఉల్కలన్నిటి జాబితాలో ఎక్కిస్తారు. తను తిరిగిన ఊళ్ళలో ఒక్కదాని పేరైనా ఆ జాబితాలో చూడాలి. ఆయనకున్న కోరికల్లా అదే.

రిటైరైన ఏడాది, అంటే 2005 నాటికి, నోటుబుక్కులో నలభై మూడు రాళ్ళు చేరాయి. ఒక్కోదాని ఎదుట ఆయనే రాసుకున్న తీర్పు: రైలు పట్టాల కంకర, కొలిమిలో మిగిలిన ఇనుప చిట్టెం, తిరగలి ముక్క. చీరాలలో దొరికిన ఒకదాని మీద నెల రోజులు ఆశ పెట్టుకుని, చివరికి 'పాత మిషను ఇనుము' అని కొట్టేశారు. తనని తాను మోసం చేసుకునే రకం కాదు.

ఆ కార్తీకంలోనే రేపల్లె అవతల వెలగలంకలో కనకదుర్గమ్మగారి ఇంటికి వెళ్ళారు. డెబ్భై దాటిన రైతు ఇల్లాలు. వాళ్ళింట్లో విత్తనాల బస్తాల మధ్య ఒక నల్లరాయి ఉంది. ఆవిడ మామగారు కుప్ప నూరుస్తుంటే పట్టపగలు ఉరిమినట్టయి గడ్డివాము పక్కన పడిందట. అప్పట్నుంచీ అది అమ్మవారు. ఏటా నారు పోసే ముందు పాలతో కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, దాన్ని ఆనుకున్న వడ్లే మొదటి గుప్పెడు చల్లుతారు.

ఆవిడ రెండు చేతుల్తో తెచ్చి ఇచ్చింది. అంత చిన్న రాయి అంత బరువుంటుందని తెలిసి కూడా మాస్టారు ఒంటిచేత్తో పట్టుకున్నారు. జారింది. సిమెంటు గచ్చు మీద పడి ఓ మూల విరిగింది.

విరిగిన వైపు చూస్తే పలుకులు! గుండ్రటి పలుకులు, మధ్యలో ఇనుప మెరుపు. ఆ క్షణంలోనే కనకదుర్గమ్మ బావురుమంది.

"ఎంత పని జరిగిందండీ మాస్టారూ! విరిగిన ముక్క ఇంట్లో ఉండకూడదు. మీరు పెద్దింటివారు, మీ చేత్తోనే తీసుకెళ్ళి కాలవలో కలిపెయ్యండి."

"అలాగేనమ్మా" అన్నారు మాస్టారు.

వంతెన మీద చాలాసేపు నిలబడ్డారు. గుప్పిట్లో ముక్క ఉంది. చూసేవాళ్ళు లేరు. జేబులో వేసుకుని ప్యాసింజరెక్కితే అడిగేవాళ్ళూ లేరు. ఇచ్చిన మాట ఒక్కటే అడ్డం. కళ్ళు మూసుకుని నీళ్ళలోకి వదిలేశారు. ఇంటికెళ్ళాక వేదవతి అడిగితే "ఇదీ కంకరే" అన్నారు. పెళ్ళయ్యాక ఆవిడతో ఆయన ఆడిన అబద్ధం బహుశా అదొక్కటే.

ఆ చలికాలమంతా నిద్ర పట్టలేదు. మే నెలలో కాలవలు కట్టేసి నీళ్ళు ఆపాక ఓ ఆలోచన వచ్చింది. కలపమంది, కలిపాను, మాట తీరింది. ఇప్పుడు బురదలో ఉన్న రాయి తీసుకుంటే తప్పేంటి? మొదటి బండికే వెళ్ళారు. తీరా చూస్తే పూడిక తీసేశారు. పొక్లెయిన్లు ఎత్తిపోసిన మట్టి రెండు గట్ల మీదా కనుచూపుమేర గుట్టలుగా పడి ఉంది. సగం లారీల్లో ఎటో వెళ్ళిపోయిందట కూడా. పంచె ఎగ్గట్టి మిగిలిన మట్టిని చేతుల్తో కెలుకుతుంటే కనకదుర్గమ్మ చూసింది.

"ఏంటి మాస్టారూ, ఎండలో వెతుకుతున్నారు?"

ఆవిడకి అబద్ధం చెప్పలేకపోయారు. ముప్పై ఏళ్ళ తిరుగుడూ, జాబితా, వెలగలంక పేరూ మొత్తం చెప్పారు. ఆవిడ చివరిదాకా విని నొసలు కొట్టుకుంది.

"ఇంట్లో ఉన్నది ఇవ్వలేను గానీ, కలిపేశాక అది ఒట్టి రాయేగా మాస్టారూ! వినాయకుణ్ణి ముంచేశాక ఆ మట్టికి దణ్ణం పెడతామా? ఆవేళే అడిగుంటే, ఓసారి నీళ్ళలో ముంచి పట్టుకుపొమ్మందును కదా."

పురోహితుడి కొడుకు. ఆ సంగతి ఆయనకి ఒకరు చెప్పాలా!

"మీరు ఏడుస్తుంటే మొహమాటమేసిందమ్మా. అడగడానికి నోరు రాలేదు."

"ముప్పై ఏళ్ళు పిల్లల్ని నిలబెట్టి ప్రశ్నలడిగారు. నన్నొక్కటి అడగలేకపోయారా?"

 మాస్టారు గట్టు మీద చతికిలబడి, బురద చేతుల్తోనే మొహం కప్పుకున్నారు.